పాత షెవ్రొలే ట్రక్కుకు సరిపడే బ్రేక్ హోస్

టెక్సాస్‌లో మా పక్కింటి పెద్దాయన దగ్గర 1966 నాటి షెవ్రొలే సీ10 పికప్ ట్రక్కు ఉంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, అంటే చక్రం లోపలి డబ్బాను లోపలి నుంచి ఒరుసుకుని ఆపే రకం. ఈ రకం ట్రక్కులకు ముందు డిస్కులు కంపెనీ నుంచే అమర్చి రావడం మొదలైంది 1971లో. అందుకే చాలామంది ఆ తర్వాతి బండి నుంచి స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు), రోటర్ (చక్రంతో తిరిగే డిస్కు), క్యాలిపర్ (ఆ డిస్కును నొక్కి పట్టే భాగం) తెచ్చి పాతదానికి బిగించుకుంటారు. ఆయనా అదే చేశారు. ఇనుప సామానంతా ఒక్క శనివారంలో ఎక్కేసింది. ఆ తర్వాత రెండు వారాలు పని ఆగిపోయింది, కేవలం హోస్ దగ్గర, అంటే ఛాసిస్ మీది స్టీలు గొట్టం నుంచి చక్రం దగ్గరి బ్రేకుకు ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు గొట్టం దగ్గర.

షాపులో ముందు అడిగేది "ఏ ఇయర్ బండి?" అని. 1966 అంటే డ్రమ్ హోస్ ఇస్తారు. దాని కొసను వీల్ సిలిండర్‌లోకి (డ్రమ్ బ్రేకును ఆయిల్ ఒత్తిడితో నొక్కే భాగం) నేరుగా తిప్పి బిగించాలి. క్యాలిపర్‌కు అది కుదరదు. అక్కడ హోస్ కొస ఉంగరంలా ఉంటుంది. అందులోంచి బోలుగా తొలిచిన బోల్టు దూరుతుంది, ఉంగరానికి రెండు వైపులా రాగి వాషర్లు పడతాయి. పోనీ క్యాలిపర్ ఏ బండిదో ఆ ఇయర్ చెబితే ఆ కొస సరిపోతుంది, ఛాసిస్ వైపు కొస సరిపోకపోవచ్చు. ఒక కొస పాత బండిది, రెండోది కొత్త బండిది. రెండూ విడివిడిగా కొలవాల్సిందే.

పెద్దాయన తెచ్చిన మొదటి హోస్ క్యాలిపర్‌కు చక్కగా కూర్చుంది. ఛాసిస్ వైపు స్టీలు గొట్టం నట్టు కూడా చేత్తో తిప్పితే ఎక్కింది. కానీ కొంచెం లూజుగా ఊగింది. నాకు భయం వేసింది అక్కడే. ఆ నట్టు అంగుళాల లెక్కది: 3/8 అంగుళం, అంటే 9.525 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు. హోస్‌లోని రంధ్రం 10 మిల్లీమీటర్లది, మరకూ మరకూ మధ్య 1 మిల్లీమీటరు. నట్టు మరల మధ్య దూరం సుమారు 1.06 మిల్లీమీటర్లు. తేడా ఇంత చిన్నది కాబట్టే ఒకదాంట్లో ఒకటి ఎక్కేస్తుంది, కానీ మరలు పూర్తి లోతుకు కరుచుకోవు. గట్టి బ్రేకు కొడితే లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 70 కిలోలు దాటవచ్చు. పైగా గొట్టం కొస మలిచిన తీరు కూడా వేరు: పాత అమెరికా బండ్లలో లోపలికి మడిచిన డబుల్ ఫ్లేర్, మిల్లీమీటర్ల లెక్కన చేసిన చాలా బండ్లలో బుడగలాంటి ఫ్లేర్. ఒకదాని సీటులో ఇంకోటి కూర్చోదు, ఎంత బిగించినా కారుతుంది. ఆ హోస్ వెనక్కి ఇచ్చేయమని బతిమాలాను.

ఇక పొడవు. బండి నిలబడి ఉండగా కొలిస్తే మోసపోతాం. జాకీతో ఛాసిస్ లేపి చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ ఒక మెత్తని తీగతో కొలిచాం. చక్రం పైకి లేచినప్పుడు కూడా చూశాం. అప్పుడు హోస్ మడతపడి టైరుకు రాసుకోకూడదు.

అమెరికా ఫెడరల్ ప్రమాణం 106 ప్రకారం బ్రేక్ హోస్‌ను పరీక్షా యంత్రం మీద 35 గంటలు ఆపకుండా ఊపినా పగలకూడదు. దాని ఒంటి మీద ఉండే పొడవాటి గీతలు కూడా ఆ ప్రమాణంలోవే. అవి అలంకారానికి కాదు, హోస్ మెలిపడిందో లేదో కంటికి తెలియడానికి. "హెచ్ఎల్" అని ముద్ర ఉంటే ఒత్తిడికి తక్కువ ఉబ్బే రకం. హోస్ ఉబ్బితే మనం తొక్కిన పెడల్‌లో కొంత ఆ ఉబ్బుకే పోతుంది, పెడల్ మెత్తగా అనిపిస్తుంది.

పాత హోస్‌నే ఎలాగో సర్దుకుందామనే ఆలోచన మాత్రం వద్దు. లోపలి పొర ఉబ్బి దారి మూసుకుపోతే, ఆయిల్ పెడల్ బలానికి ముందుకు పోతుంది కానీ వెనక్కి రాదు. బ్రేకు పట్టేసి చక్రం కాలుతుంది.

సరైన హోస్ దొరికాక కొత్త రాగి వాషర్లు వేశాం. ఒకసారి నలిగిన రాగి గట్టిపడి మళ్లీ సరిగా సీల్ కాదు. బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి తీశాక పెద్దాయన పెడల్ తొక్కి పట్టుకున్నారు. నేను కింద పడుకుని టార్చితో ఒక్కో జాయింటూ చూశాను. ఎక్కడా తడి లేదు. స్టీరింగ్ చివరిదాకా తిప్పమన్నాను. హోస్ మీది తెల్ల గీత మెలిపడకుండా నిటారుగానే ఉంది.