మస్కట్ వేషంలో మారథాన్: ఆ చెమట ఎటు పోవాలి?

ఒక పాఠకుడు ఫొటో పంపి ప్రశ్న అడిగారు. ఇంగ్లండ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మస్కట్ (జట్టుకు గుర్తుగా మనిషి లోపల దూరి తిప్పే బొమ్మ వేషం), ఆ పెద్ద తలకాయ, బొచ్చు ఒళ్లు, లావుపాటి పాదాలతో సహా, ఒక ఆరోగ్య సంస్థకు విరాళాల కోసం మారథాన్ పరిగెత్తుతోంది. "లోపలున్న మనిషి ఉడికిపోడా అండీ?" అని ఆయన సందేహం.

ఉడికిపోతాడు. ఏ ఏర్పాటూ లేకపోతే ఎంతసేపట్లో ఉడికిపోతాడో లెక్క కూడా కట్టొచ్చు. ఇంత మంచి ప్రశ్న వచ్చి చాలా రోజులైంది కాబట్టి తీరిగ్గా చెబుతాను. మారథాన్ 42.195 కిలోమీటర్లే ఎందుకయింది, మస్కట్లు ఎప్పుడు పుట్టాయి లాంటి సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. మనం తిన్నగా వేషం లోపలికి వెళదాం.

పరుగులో ఖర్చయ్యే శక్తికి ఒక తేలిక లెక్కుంది: ఒంటి బరువులో ప్రతి కిలోకి, ప్రతి కిలోమీటరుకి ఒక కిలోక్యాలరీ. 70 కిలోల మనిషి మారథాన్‌ను ఐదు గంటల్లో పూర్తి చేయాలంటే గంటకు సుమారు 590 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. వేషం బరువు కూడా మోస్తున్నాడు కాబట్టి ఇంకాస్త ఎక్కువే. కండరాలు వాడే శక్తిలో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు పనిగా మారుతుంది. మిగతాదంతా వేడే. గంటకు 590 కిలోక్యాలరీలంటే దాదాపు 690 వాట్లు. వేషం బరువు కలిపి, పనిగా మారింది తీసేస్తే లోపల సుమారు 600 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది, ఆగకుండా ఐదు గంటలపాటు.

కిలో ఒంటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 3.5 కిలోజౌళ్లు చాలు. 70 కిలోలకు 245 కిలోజౌళ్లు. 600 వాట్లు అంటే సెకనుకు 600 జౌళ్లు. భాగించి చూడండి, ఏడు నిమిషాలకో డిగ్రీ. వేడి బయటికి పోయే దారే లేకపోతే 37 డిగ్రీల దగ్గర బయల్దేరిన మనిషి అరగంటలోపే 41 దాటతాడు. అప్పటికి అయ్యేది నాలుగు కిలోమీటర్లు. 40 డిగ్రీలు దాటి, తికమకగా మాట్లాడడమో స్పృహ తప్పడమో మొదలైతే దాన్ని వడదెబ్బ అంటారు. ఎండ లేకపోయినా, ఒళ్లు శ్రమవల్ల తనంతట తానే వేడెక్కి వచ్చే వడదెబ్బ ఇది.

ఇక్కడ పాఠాలు చెప్పే తీరు గురించి ఒక మాట. "చెమట శరీరాన్ని చల్లబరుస్తుంది" అని బడిలో నేర్పుతారు. పిల్లలు అదే రాస్తారు, మార్కులూ పడతాయి. నిజానికి చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆవిరైపోవడం. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే సుమారు 2,430 కిలోజౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. మన మస్కట్‌కి గంటకు పైగా సరిపడే చల్లదనం అది. అదే లీటరు చెమట కారి బూట్లలోకి చేరితే దక్కే చల్లదనం దాదాపు సున్నా. ఈ ఒక్క తేడా పిల్లలకు పట్టుబడేలా చెప్పగలిగితే మిగతా పాఠం వాళ్లే అల్లుకుంటారు.

ఈ తేడా తెలియకపోవడం వల్లే ఒక మూఢనమ్మకం ఇప్పటికీ బతికి ఉంది. ఒళ్లంతా ప్లాస్టిక్ కప్పుకుని చెమట ధారగా కార్చుకుంటే కొవ్వు కరుగుతుందట! కరగదు. తగ్గిన బరువంతా నీళ్లే, తాగగానే తిరిగొస్తుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలాగే త్వరత్వరగా బరువు తగ్గే ప్రయత్నంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ కుస్తీలో రబ్బరు సూట్లు నిషేధించారు. అందుకే ఎవరైనా "చెమట పట్టిందంటే మంచిదే" అంటే నేను ఊరుకోలేను.

సరే, చెమట ఆవిరి కావాలంటే ఏం కావాలి? ఆవిరి పీడనంలో, అంటే నీటి ఆవిరి కలిగించే ఒత్తిడిలో, చర్మానికీ గాలికీ మధ్య తేడా. చర్మం 35 డిగ్రీల దగ్గర తడిగా ఉంటే దాని మీద ఆవిరి పీడనం 5.6 కిలోపాస్కళ్లు. ఏప్రిల్‌లో లండన్‌లో గాలి 12 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకుంటే బయట ఆవిరి పీడనం 0.8 మాత్రమే. తేడా 4.8. చెమట ఎగిరిపోవడానికి ఇది బ్రహ్మాండమైన అవకాశం. మామూలు బనియన్‌తో పరిగెత్తేవాళ్లు దాన్నే వాడుకుంటారు, పైగా పరుగు వల్ల గాలి కూడా తగులుతుంది.

వేషం లోపల అలా కుదరదు. బొచ్చుకీ చర్మానికీ మధ్య చిక్కుకున్న గాలి కొన్ని నిమిషాల్లోనే తేమతో నిండిపోతుంది. అక్కడి పీడనం 5.3కి చేరిందనుకోండి, తేడా 0.3కి పడిపోతుంది. బయట ఎంత పొడి గాలి ఉన్నా చర్మానికి దాని ఊసే తెలియదు. చెమట గ్రంథులు మాత్రం పాపం తమ పని తాము చేస్తూనే ఉంటాయి, ఇంకా ఎక్కువగా చేస్తాయి. అంతా కారి బొచ్చులోకి ఇంకుతుంది. బొచ్చు పైభాగంలో కొంత ఆవిరవుతుంది, కానీ అక్కడ ఆవిరైనప్పుడు చల్లబడేది ఎక్కువగా బొచ్చే. ఒక చిన్న ఊరట ఉంది. చర్మం దగ్గర లేచిన ఆవిరి చల్లగా ఉన్న పైపొరలో తిరిగి నీరుగా మారినప్పుడు తన వేడిని అక్కడ వదిలేస్తుంది, అలా కొంత వేడి బయటికి చేరుతుంది. బయట చలి ఉన్నప్పుడే ఈ మేలు.

బట్టలు వేడిని ఎంత ఆపుతాయో కొలవడానికి 1941లో "క్లో" అనే కొలత పెట్టారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండే దుస్తులు ఒక క్లో. మందపాటి బొచ్చు వేషానికి 2.5 క్లో వేసుకుందాం. చర్మం 35, బయట 12, ఒంటి విస్తీర్ణం 1.8 చదరపు మీటర్లు. వేషం గుండా ఊరికే బయటికి పోయే వేడి సుమారు 110 వాట్లు. గుడ్డ గుండా నెమ్మదిగా తప్పించుకునే ఆవిరి రూపంలో ఇంకో 150. మొత్తం 260. పుడుతున్నది 600. ఇంకా 340 వాట్ల లోటు.

ఇదే లెక్క 24 డిగ్రీల రోజుకి వేస్తే ఎలా ఉంటుందంటే, 110 కాస్తా 50కి దిగుతుంది, 150 సుమారు 125 అవుతుంది. 2018 ఏప్రిల్ 22న లండన్ మారథాన్ జరిగిన రోజు సెయింట్ జేమ్స్ పార్క్‌లో 24.1 డిగ్రీలు నమోదైంది. ఆ పరుగు చరిత్రలోనే అతి వేడి రోజు అది. వేషాలు వేసుకునేవాళ్లు మరోసారి ఆలోచించుకోవాలని నిర్వాహకులు ముందే హెచ్చరించారు. పై లెక్క చూస్తే ఆ హెచ్చరిక ఎంత సబబో తెలుస్తుంది.

మరి ఆ 340 వాట్ల లోటుతో జనం మారథాన్లు ఎలా పూర్తి చేస్తున్నారు? నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

కొలిమి తిత్తి చూసినవాళ్లకు చప్పున అర్థమవుతుంది. తిత్తిని పైకెత్తితే గాలి లోపలికొస్తుంది, నొక్కితే గొట్టంలోంచి బయటికి తోసుకుపోతుంది. వదులు వేషంలో పరిగెత్తే మనిషి అడుగడుగునా ఇదే చేస్తున్నాడు. కాలు ముందుకెళ్లినప్పుడు తొడ దగ్గర గుడ్డ ఒంటికి అతుక్కుంటుంది, అక్కడి తడి గాలి పక్కకు తోసుకుపోతుంది. కాలు వెనక్కి రాగానే గుడ్డ విచ్చుకుంటుంది, చీలమండ దగ్గర్నుంచి పొడి గాలి లోపలికి పీల్చుకుంటుంది. భుజాలు ఊగినప్పుడు చంకల దగ్గర, పొట్ట ఎగిరిపడినప్పుడు నడుం దగ్గర అదే తంతు.

ఈ తిత్తికి ఎంత బలముందో చూద్దాం. నిమిషానికి 165 అడుగులు, ఒక్కో అడుగుకి ఒక్క లీటరు గాలి మారిందనుకుందాం. గంటకు దాదాపు పది ఘనపు మీటర్లు. 35 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసిన గాలిలో ఘనపు మీటరుకి దాదాపు 40 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. బయటి చల్లగాలిలో ఉండేది ఆరేడు గ్రాములే. అంటే లోపలికొచ్చిన ప్రతి ఘనపు మీటరూ బాగా తడిసి బయటికి పోతే 33 గ్రాముల చెమటను మోసుకుపోతుంది. గంటకు సుమారు 330 గ్రాములు. వాట్లలో చెప్పాలంటే 220. గాలి వేడెక్కి వెళ్లడం వల్ల ఇంకో 75. మొత్తం 295! అడుగుకో లీటరు గాలితో లోటు దాదాపు పూడిపోయింది.

అందుకే ఈ తిత్తి చక్కగా ఆడేలా వేషం కుట్టడంలోనే అసలు విద్య ఉంది. గుడ్డ ఒంటికి బిగుతుగా ఉంటే తిత్తికి పొంగే చోటు లేదు. పొట్ట గుండ్రంగా నిలబడాలని లోపల గట్టి రింగు పెడితే చోటుంటుంది కానీ నొక్కుకోదు, ఎత్తడం నొక్కడం లేని తిత్తి అది. మణికట్టు, చీలమండ, మెడ మూడూ ఎలాస్టిక్‌తో బిగించేస్తే గొట్టం మూసేసినట్టే, అదే గాలి లోపలే అటూ ఇటూ తిరుగుతుంది. రెండు చోట్ల దారి ఉండాలి, కింద ఒకటి, పైన ఒకటి. తడి గాలి పొడి గాలికన్నా తేలిక, వేడి గాలి చల్లగాలికన్నా తేలిక, కాబట్టి లోపలి గాలి తనంతట తాను పైకి పోవాలని చూస్తుంది. మెడ దగ్గర, మస్కట్ నోట్లో జాలీ గుడ్డ ఉంటే అక్కణ్నుంచి బయటపడుతుంది. తలకాయ పైభాగంలో గాలిని బయటికి లాగే చిన్న ఫ్యాను పెడితే తిత్తికి తోడు దొరికినట్టే. చంకల్లో, మోకాళ్ల వెనక బొచ్చు తీసేసి జాలీ కుట్టినా ఎవరికీ కనబడదు.

ఐసు చొక్కా వేసుకుంటే సరిపోదా అని అడుగుతారు. కిలో ఐసు కరిగి, ఆ నీళ్లు ఒంటి వేడికి వచ్చేదాకా లెక్కేసినా 600 వాట్ల దగ్గర 13 నిమిషాలు వస్తుంది. ఆ తర్వాత అది మోయాల్సిన బరువు. పరుగుకి ముందు వేసుకుని తీసేయడం మంచిది.

తిత్తి కాక మిగిలిన ఉపాయం ఒక్కటే, వేగం తగ్గించడం. పుట్టే వేడి వేగంతో పాటే తగ్గుతుంది. దీన్ని చివరికంటా తీసుకెళ్లినవాడు లాయిడ్ స్కాట్. ఈ మాజీ ఫైర్‌మన్ స్వయంగా లుకేమియా (రక్త క్యాన్సర్) నుంచి బయటపడ్డారు. 2002 లండన్ మారథాన్‌ను పాతకాలపు సముద్ర డైవర్ సూటులో, ఒంటి మీద 59 కిలోల బరువుతో, ఐదు రోజులకు పైగా నడిచి పూర్తి చేశారు. క్యాన్సర్, లుకేమియా వచ్చిన పిల్లల కోసమే ఆ నడక. గాలి ఆడని అలాంటి సూటులో పరిగెత్తడం జరిగే పని కాదు. నడుస్తూ, ఆగుతూ, రాత్రిళ్లు పడుకుంటూ వెళ్లడం వల్లే అది సాధ్యమైంది.

పాదాల గురించి క్లుప్తంగా. ఒక్కో బూటుకి 100 గ్రాముల బరువు పెరిగితే పరుగు ఖర్చు దాదాపు ఒక శాతం పెరుగుతుంది. ఒక్కోటి అరకిలో ఉండే ఫోమ్ పాదాలంటే ఐదు శాతం. నడుం దగ్గర మోసే బరువుకన్నా కాలి చివర బరువు చాలా ఖరీదు. ఆ పాదాలు చెమటతో నానితే ఇంకా ఖరీదు.

తాగే నీళ్ల సంగతి మాత్రం క్లుప్తంగా వదిలేయలేను. ఇంత చెమట పోతోంది కదా అని మస్కట్ దారిలో నీళ్లిచ్చే ప్రతి టేబుల్ దగ్గరా ఆగి తాగుతూ పోతే అదో ప్రమాదం. రక్తంలో సోడియం పలచబడిపోతుంది, మెదడు ఉబ్బుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా తేలింది. పరుగులో బరువు తగ్గాల్సింది పోయి పెరిగినవాళ్లకు, నాలుగు గంటలకు మించి పట్టినవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. మస్కట్ సరిగ్గా ఆ నెమ్మది గుంపులోనే ఉంటుంది. దాహం వేసినప్పుడు తాగాలి. తలనొప్పి, వాంతి, తికమక మొదలైతే అది వేడి వల్లా, నీళ్లు ఎక్కువవడం వల్లా అన్నది చూసి చెప్పడం కష్టం. ఒంటి వేడి, రక్తంలో సోడియం కొలిచి తేల్చాల్సిందే.

అసలు గండం ముగింపు గీత దాటాక వస్తుంది. పరుగు ఆగగానే తిత్తి ఆగిపోతుంది. అడుగుకో లీటరు గాలి ఒక్కసారిగా సున్నా అవుతుంది, లోపలేమో అప్పటిదాకా పోగైన వేడి, తడిసి బరువెక్కిన బొచ్చు. కాలి కండరాలు కూడా ఆగిపోవడంతో రక్తం కాళ్లలోనే నిలబడి, నిలువునా కూలిపోయేవాళ్లు ఉంటారు. సరిగ్గా అప్పుడే ఫొటోల కోసం జనం చుట్టుముడతారు. మస్కట్ పిల్లల ముందు తల తీయకూడదన్న నియమం ఒకటుంది, వేషం వేసేవాళ్లు దాన్ని ప్రాణంగా పాటిస్తారు. నాకు ఆ నియమం మీద గౌరవముంది. మస్కట్ ఆ ఊళ్లో ఒక మనిషితో సమానం. 2002లో ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు కోతి మస్కట్ హాంగస్ వేషం వేసే స్టువర్ట్ డ్రమండ్‌ను ఆ పట్టణం ఏకంగా మేయర్‌గా ఎన్నుకుంది. అలాంటి బొమ్మ తల ఊడిపోతే పసివాడు ఏడుస్తాడన్నది నిజమే.

కాబట్టి గీత దాటిన వెంటనే మస్కట్‌ను పక్కకు తీసుకెళ్లే మనిషి ఒకరు, కనబడకుండా చాటు ఒకటి ముందే సిద్ధంగా ఉండాలి. ముందు తలకాయ, వెంటనే జిప్పు, ఆ తర్వాత నడక ఆపకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పడం. మాట తడబడినా, అడ్డదిడ్డంగా నడిచినా అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు, అక్కడికక్కడే మెడ దాకా చల్లని నీళ్ల తొట్టిలో ముంచాలి. అమెరికాలో ఫాల్మత్ అనే చోట 11 కిలోమీటర్ల పరుగు జరుగుతుంది. అక్కడ 18 ఏళ్లలో 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగిలింది. వాళ్లందరినీ వైద్య బృందం అక్కడే చల్లని నీళ్ల తొట్టెల్లో ముంచింది. 274 మందీ బతికారు.