పై ఫ్లాటు, కింది ఫ్లాటు గొడవలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే తేలిపోతుంది.

అలా మొదలైన పంచాయితీలే ఎక్కువగా చెడతాయి. నలుగురిలో అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎవరికైనా నామోషీ. మధ్యవర్తి ముందు ఒక్కొక్కరితో విడిగా అరగంట మాట్లాడాలి. ఒకరి మాట రెండోవారికి మోయకూడదు. అడగాల్సినవి మూడే: ఏం జరుగుతోంది, ఏ వేళల్లో, ఏం మారితే మీకు చాలు? మూడోదానికి వచ్చే జవాబు చాలాసార్లు గొడవకంటే బాగా చిన్నది. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్కా పెట్టొద్దు.

అపోహ: సీలింగ్‌లో చెమ్మ దిగిందంటే తప్పు పైవాళ్లదే.

నీరు ఎక్కడిదో తేలకముందు తప్పొప్పుల మాట దండగ. చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీయండి. పైన బాత్రూమ్‌ను ఒకరోజు వాడకుండా, నీళ్లు వచ్చే లైను వాల్వ్ మాత్రం తెరిచే ఉంచండి. అయినా కారుతుంటే అనుమానం నీళ్ల లైను మీదికి పోతుంది. కారడం ఆగితే నేలలోని ట్రాప్‌కు (నీళ్లు బయటకు పోయే రంధ్రానికి) బిరడా బిగించి, గచ్చు మీద అంగుళం నీళ్లు 24 గంటలు నిలబెట్టండి. చెమ్మ గీత దాటితే వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టు. దాటకుండా, బిరడా తీశాక కారితే డ్రెయిన్ జాయింటు చూడాలి. శ్లాబులో పాత తడి ఇంకా దిగుతూ ఉండొచ్చు కాబట్టి, ఒక్కరోజుకే తీర్పు చెప్పేయొద్దు. మొదలుపెట్టేటప్పుడు, మర్నాడు చూసేటప్పుడు రెండు ఇళ్లవాళ్లూ ఉండాలి. లేకపోతే ఫలితం మీద ఇంకో గొడవ! డక్ట్‌లోని (అన్ని ఫ్లాట్ల పైపులు దిగే సందులోని) ఉమ్మడి పైపు లీకైతే అది అసోసియేషన్ పని, ఈ ఇద్దరి తగాదా కానేకాదు.

అపోహ: రాత్రి 10 లోపు ఎంత మోత పెట్టినా అడగడానికి లేదు.

2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఇంట్లో పెట్టుకున్న సౌండ్ సిస్టమ్ మోత ఆ ఇంటి హద్దు దగ్గర ఈ పరిమితికంటే 5 డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు. ఫోన్ యాప్ అంకె ఒక అంచనా మాత్రమే. పైగా నిబంధనల్లోని ఈ డెసిబెల్ కొలమానం బేస్‌ను, అంటే గుమ్‌గుమ్‌మనే లోతు శబ్దాన్ని, తక్కువగా లెక్కిస్తుంది. గోడ అదురుతున్నా అంకె మామూలుగానే కనిపించొచ్చు. అందుకే వాల్యూమ్ మీద వాదించకుండా, బేస్ తగ్గించమని, సబ్‌వూఫర్ కింద రబ్బరు ప్యాడ్ వేయమని అడగండి.

అపోహ: స్టేషన్‌లో బైండోవర్ చేయిస్తే అంతా సర్దుకుంటుంది.

బైండోవర్ అంటే గొడవ చేయనని రాసిచ్చే బాండు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 126 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ రాయించుకునే ఆ బాండు గరిష్ఠంగా ఏడాదికి. కొట్లాట ఆపుతుందేమో, అడ్డంగా పెట్టిన స్కూటర్‌ను జరపదు.

అపోహ: లోక్ అదాలత్ రాజీకి విలువ లేదు.

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆ అవార్డు (రాజీ మీద ఇచ్చే తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టొచ్చు, ఫీజు ఉండదు. వివరాలకు 15100. కాకపోతే ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. రాజీ కాగితంలో "పరస్పరం సహకరించుకుంటాం" అని రాస్తే అమలు చేయడానికి ఏమీ ఉండదు. "డ్రిల్లింగ్ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే, ఆదివారం లేదు" అని రాయాలి. క్షమాపణ షరతు పెట్టొద్దు, సంతకాలు ఆగిపోయేది అక్కడే. 15 రోజుల తర్వాత మళ్లీ కూర్చునే తేదీ కూడా అందులోనే వేయండి.