సగం ఉడికిన పాత గేములు: అపోహలు - వాస్తవాలు

పాత వీడియో గేములను కొత్త యంత్రాల మీద నడిచేలా చేయడం నా ఉద్యోగం. మా వృత్తిలో దీన్ని పోర్టింగ్ అంటాం. తొమ్మిదేళ్లలో నా చేతికి వచ్చినవాటిలో ఎక్కువ ప్లాట్‌ఫామ్ గేములే. అంటే దిమ్మె మీది నుంచి దిమ్మె మీదికి గెంతుతూ, ముళ్లు తప్పించుకుంటూ, గోతిలో పడి మళ్లీ మొదటికి వస్తూ ఆడే మారియో తరహా ఆటలు. ఈ పని సంగతి చెప్పగానే ఎదుటివారు అనే మాటలు అయిదారు ఉంటాయి. వాటిలో ఒక్కటీ పూర్తిగా అబద్ధం కాకపోవడమే అసలు చిక్కు.

అపోహ: మంచి గేములను మళ్లీ విడుదల చేస్తే చాలు, లోపాలున్నవాటికి మరమ్మతు దండగ.

వాస్తవం: నన్నడిగితే, మరమ్మతు అక్కరలేనివి మంచి గేములే. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ను ఎన్నిసార్లు విడుదల చేసినా మనం చేయగలిగేది దుమ్ము దులపడమే. రెండో అవకాశంతో బాగుపడేది, ఆలోచన బాగుండి చేత చెడిన గేము.

జపాన్ గేముల సంస్థ కొనామీ 1988లో ఆర్కేడ్ల (నాణెం వేసి ఆడే యంత్రాల) కోసం ‘హాంటెడ్ క్యాజిల్’ చేసింది. ఇది కాజిల్‌వేనియా అనే గేముల వరుసలోది. కొత్త పెళ్లికూతురిని డ్రాక్యులా ఎత్తుకుపోతే, పెళ్లికొడుకు సైమన్ బెల్మాంట్ కొరడా పట్టుకుని వెంటపడతాడు. బొమ్మలు పెద్దవి, సంగీతం ఘనంగా ఉంటుంది. కానీ సైమన్ నడక చూస్తే కాళ్లకు ఇసుక మూటలు కట్టినట్టుంటుంది. రెండు మూడు దెబ్బలకే ప్రాణం మీదికి వస్తుంది, మళ్లీ కొనసాగించడానికీ పరిమితి ఉంది. ఆ వరుసను ప్రేమించేవారు కూడా దీన్ని పెళ్లింట తాగి వచ్చిన చుట్టంలా చూసేవారు.

2024 ఆగస్టులో వచ్చిన ‘కాజిల్‌వేనియా డామినస్ కలెక్షన్’లో ఎం2 అనే జపాన్ సంస్థ దీన్ని ‘హాంటెడ్ క్యాజిల్ రీవిజిటెడ్’ పేరుతో కొత్తగా చేసింది. కథ అదే, కొరడా అదే. కదలికను, దెబ్బల లెక్కను, శత్రువుల అమరికను మాత్రం మొదటి నుంచి తూచి పెట్టారు. నాకు అంతకంటే నచ్చింది మరొకటి ఉంది. 1988 నాటి మూలాన్ని కూడా అదే సంకలనంలో పక్కనే ఉంచారు. ఒక సాయంత్రం రెండూ వరుసగా ఆడాను. పాత గేములో ఎంత మంచి సరుకు వృథాగా పడి ఉందో కొత్తది ఆడాకే తెలిసింది.

అపోహ: పాత గేముల్లో కష్టంగా ఉన్నదంతా లోపమే.

వాస్తవం: 1986 నాటి మొదటి కాజిల్‌వేనియాలో ఒకసారి గెంతాక గాలిలో దిశ మార్చుకోలేరు. ఇప్పటి పిల్లలకు ఇది పొరపాటులా కనిపిస్తుంది. కానీ ఆ కోటలో ప్రతి గబ్బిలమూ, ప్రతి మెట్టూ ఆ వెనక్కి తీసుకోలేని గెంతును లెక్కలోకి తీసుకునే పెట్టారు. గెంతును మెత్తబరిస్తే కోట మొత్తం తేలిపోతుంది. 1985 నాటి ‘ఘోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్’ సంగతీ ఇంతే.

మరోవైపు 1991 నాటి మొదటి సోనిక్‌ను చూడండి. దెబ్బ తగిలాక కొన్ని క్షణాల పాటు ఇంకో దెబ్బ తగలకుండా రక్షణ ఉంటుంది. ముళ్ల దగ్గర మాత్రం ఆ రక్షణ పనిచేయదు. ఒక ముళ్ల వరుస నుంచి ఎగిరి మరో వరుస మీద పడితే అక్కడికక్కడే చావు. ఆ తర్వాతి సోనిక్ గేములో తయారీదారులే దీన్ని సరిచేశారు. కాబట్టి మొదటి గేమును మళ్లీ విడుదల చేసేవారు ముళ్లను సరిదిద్దితే నేను తప్పు పట్టను.

ఈ రెండింటి మధ్య ఎటూ తేలనివి కూడా ఉంటాయి. కాజిల్‌వేనియా వరుసలోనే 1987 నాటి ‘సైమన్స్ క్వెస్ట్’లో ఊరి జనం ఇచ్చే ఆచూకీలు ఇంగ్లీషులోకి అడ్డదిడ్డంగా వచ్చాయి. ఎర్ర స్ఫటికం పట్టుకుని ఒక కొండ అంచున మోకాళ్ల మీద కూర్చుంటే సుడిగాలి వచ్చి తీసుకుపోతుందని ఆ మాటలు విని ఊహించడం దాదాపు అసాధ్యం. అయితే అనువాదం సరిచేస్తే సరిపోతుందా? జపాన్ మూలంలోనే కొందరు ఊరివాళ్లు కావాలని అబద్ధాలు చెబుతారు. ఏ అబద్ధం రచయితది, ఏ గందరగోళం అనువాదకుడిదో విడదీయకుండా కలం పెడితే గేము ఇంకా పాడవుతుంది.

అపోహ: బగ్ (ప్రోగ్రాములో దొర్లిన పొరపాటు) కనబడితే తీసేయాలి.

వాస్తవం: ‘సూపర్ మారియో 64’లో వెనక్కి లాంగ్ జంప్ చేస్తూ పోతే వేగం అంతులేకుండా పెరిగే బగ్ ఒకటి ఉంది. జపాన్‌లో 1997లో వచ్చిన సవరించిన కూర్పులో దాన్ని తీసేశారు. 2020లో వచ్చిన మారియో గేముల సంకలనానికి ఆ కూర్పునే వాడారు. గడియారంతో పందెం వేసి ఆడేవాళ్లకు మాత్రం ఆ బగ్ బంగారం. వాళ్లు ఇప్పటికీ 1996 కూర్పునే పట్టుకుని ఉన్నారు.

నా సొంత తప్పు కూడా చెబుతాను. పేరు చెప్పలేని ఒక పాత గేములో కథానాయకుడు దిమ్మె అంచు దాటాక కూడా నాలుగైదు పిక్సెళ్ల మేర గాలిలో నిలబడేవాడు. చూడటానికి వికారంగా ఉందని సరిచేశాను. మర్నాడు పరీక్షించేవాళ్లు మూడో దశ దాటలేకపోయారు. ఆ గోతి వెడల్పును అసలు తయారీదారు ఆ నాలుగు పిక్సెళ్లు కలుపుకునే గీశాడు. రెండు వారాల తర్వాత నా సవరణను నేనే తీసేశాను.

అపోహ: బొమ్మలు కొత్తగా గీసి అతికిస్తే రీమాస్టర్ (పాత గేముకు కొత్త మెరుగు) అయిపోయినట్టే.

వాస్తవం: ప్లాట్‌ఫామ్ గేముకు ప్రాణం గెంతులో ఉంది. సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 తెర చిత్రాలు, నడిచే ఆటలో ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. బటన్ నొక్కిన ఎన్నో ఫ్రేములో కాలు లేస్తుంది, ఎంత ఎత్తుకు పోతుంది, దిగేటప్పుడు ఎంత వేగం, బటన్ వదిలేస్తే గెంతు ఎక్కడ తెగుతుంది... ఈ నాలుగు అంకెలూ ఆడేవాడి బొటనవేలికి కంఠస్థం. మీరు మార్చారని అతను నోటితో చెప్పలేడు. ‘ఏదో తేడాగా ఉంది’ అని మాత్రం అంటాడు. అన్నాడంటే ఉన్నట్టే.

2017లో వచ్చిన ‘క్రాష్ బ్యాండికూట్ ఎన్. సేన్ ట్రైలజీ’ చూడముచ్చటగా ఉంటుంది. అయితే అందులో క్రాష్ చుట్టూ ఉండే అదృశ్య హద్దు క్యాప్సూల్ ఆకారంలోకి మారింది. ఆ గుండ్రటి అడుగు వల్ల అంచు మీద కాలు పడినా జారిపోతాడు. పైగా గెంతాక మునుపటికంటే కాస్త వేగంగా కిందికి వస్తాడు. దశలు మాత్రం 1996 నాటి కొలతలవే. ఫలితంగా తాళ్ల వంతెన మీది గెంతులు పాతదానికంటే కష్టమయ్యాయి. గేము విడుదలయ్యాక ఈ తేడాలు ఉన్నమాట నిజమేనని దాన్ని విడుదల చేసినవారే ఒప్పుకున్నారు.

ఇంతకంటే పాత ఉదాహరణ మారియోను చేసిన నింటెండోదే. 1993 నాటి ‘సూపర్ మారియో ఆల్‌స్టార్స్’లో మొదటి మారియోను అందంగా మళ్లీ గీశారు. మూలంలో మారియో ఇటుక పగలగొడితే తల తగిలినట్టు వెంటనే కిందికి వస్తాడు. కొత్తదానిలో ఇటుక పగిలాక కూడా పైకే పోతాడు. సొంత గేమును సొంత చేతులతో చేసినవారికే ఇలా జరిగింది. అందుకే ఎవరైనా ‘బొమ్మలు మారిస్తే చాలదా’ అంటే నేను మాట్లాడకుండా టీ తెప్పిస్తాను.

చేర్చదగినవీ లేకపోలేదు. అంచు దాటిన కొన్ని ఫ్రేముల వరకు గెంతును అంగీకరించడం, నేల తాకడానికి క్షణం ముందే నొక్కిన బటన్‌ను గుర్తుంచుకోవడం ఇప్పటి గేముల్లో మామూలు. 1997 నాటి ‘క్రాక్’లో ఆ మొసలి పిల్ల యుద్ధట్యాంకులా ఉన్నచోటే తిరిగి గానీ ముందుకు కదిలేది కాదు. 2025 రీమాస్టర్‌లో దాన్ని ఇప్పటి తరహాలో నడిపే వీలు వచ్చింది. ఆ మార్పు మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు.

అపోహ: సోర్స్ కోడ్ (గేమును రాసిన అసలు ప్రోగ్రాము) ఉంటుంది కదా, నాలుగు వరుసలు మారిస్తే పోలా?

వాస్తవం: ఉంటే పండగే. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ మూల కోడ్, 2012లో దాని సృష్టికర్త జోర్డాన్ మెక్నర్ తండ్రి ఇంట్లో ఫ్లాపీల పెట్టె దొరికాక గానీ బయటపడలేదు. అది 1989 నాటి గేము, ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రాసింది. ‘వండర్ బాయ్: ది డ్రాగన్స్ ట్రాప్’ను 2017లో మళ్లీ చేసినవారు 1989 నాటి సెగా మాస్టర్ సిస్టమ్ గేమును లోపలి నుంచి విప్పి చూసి, దాని లెక్కలను పట్టుకున్నారు. ఒక్క బటన్ నొక్కితే ఆట మధ్యలోనే పాత బొమ్మలకు మారిపోతుంది. నేను చూసిన మరమ్మతుల్లో ఇంత నిజాయతీ గలది మరొకటి లేదు.

అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం అప్పటికి మార్కెట్లో కొనడానికి దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో లెక్క తేల్చింది. ‘ఈ చెత్త గేము ఎందుకు’ అనే ప్రశ్న వేయాలన్నా ముందు అది దొరకాలి కదా.

అపోహ: పాత గేము నత్తనడక, మిణుకు మిణుకు అంతా యంత్రం బలహీనత. ఇప్పుడు తీసేయవచ్చు.

వాస్తవం: బలహీనత నిజమే. 1980ల నాటి నింటెండో ఇంటి యంత్రం తెర మీది ఒక గీతలో ఎనిమిది చిన్న బొమ్మలకు మించి చూపలేదు, మించితే మిణుకుతాయి. పని ఎక్కువైతే ఆటే నెమ్మదిస్తుంది. కానీ ఆ నెమ్మదిలోనే తూటా తప్పించుకోవడం నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. 2015 నాటి ‘మెగా మ్యాన్ లెగసీ కలెక్షన్’లో వీటిని అలాగే ఉంచేశారు. అది సరైన పని అని నా అభిప్రాయం.

90లలో మన ఇళ్లలో టీవీకి తగిలించుకున్న నకిలీ యంత్రాల్లో చాలావాటికి సెకనుకు 50 ఫ్రేములే. ‘9999 గేములు’ అని రాసి ఉన్న క్యాసెట్‌లో నేను ఆడిన మారియో, జపాన్ పిల్లవాడి మారియో కంటే నిదానస్థుడు. ఇప్పుడు అసలు వేగంతో ఆడితే నాకే తొందరగా అనిపిస్తుంది. ఏది మూలం అని నన్ను మాత్రం అడగకండి.

ప్రస్తుతం నా బల్ల మీద ఒక పాత గేము ఉంది. పాత యంత్రం మీద తీసిన వీడియోలో పూర్తి గెంతు 39 ఫ్రేములు. మా పోర్టులో 41. ఆ రెండు ఫ్రేములు ఎక్కడ దూరాయో మంగళవారం నుంచి వెతుకుతున్నాను.