గ్రూప్ చాట్‌లో ‘హాయ్ సర్’కు జవాబు ఎందుకు రాదు?

ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టుల చాట్‌లో కొత్తగా చేరి ‘హాయ్ సర్, చిన్న డౌట్, అడగొచ్చా?’ అని రాస్తే చాలాసార్లు ఎవరూ పలకరు. పలికినా, ‘అడగొచ్చా అని అడగక్కర్లేదు, విషయం చెప్పు’ అంటారు. పెద్దవాళ్లను పలకరించకుండా పనిలోకి దిగడం అలవాటు లేని మన కుర్రాళ్లకు ఇది పొగరులా అనిపిస్తుంది. నిజానికి ఈ పద్ధతి ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్) అనే పాత గ్రూప్ చాట్ రోజుల ఇబ్బందుల్లోంచి పుట్టింది.

1988లో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ ఐఆర్‌సీని తయారుచేశాడు. తర్వాతి కాలంలో చాలా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు అదే రచ్చబండ. అయితే పాత సందేశాలను ఐఆర్‌సీ సర్వర్ నిల్వ చేయదు. మీరు కనెక్షన్ తెంచుకున్నాక ఎవరేం రాసినా మీకు అందదు. ఛానెల్‌లో, అంటే ఒక చాట్ గదిలో, వందల పేర్లు కనిపించినా, ఎక్కువమంది వేరే పనిలో ఉండి ఎప్పుడో ఓసారి తొంగిచూస్తారు. చలికాలంలో హైదరాబాద్‌లో ఉదయం 9 గంటలకు ఒక విద్యార్థి ‘ఎవరైనా ఉన్నారా?’ అన్నాడనుకోండి, బెర్లిన్‌లో అప్పటికి తెల్లవారుజాము నాలుగున్నర. అక్కడి డెవలపర్ లేచి ‘ఆ, చెప్పు’ అనేసరికి ఇతను విసుగొచ్చి వెళ్లిపోయి ఉంటాడు. అసలు ప్రశ్నే రాసిపెట్టి ఛానెల్‌లో ఆగి ఉంటే, ఆలస్యంగానైనా పని జరిగేది.

కోడ్ గుప్పించొద్దన్న నియమమూ అలాంటిదే. ఐఆర్‌సీలో ఒక సందేశం 512 బైట్లు దాటకూడదు, ఛానెల్ పేరు వగైరా కూడా అందులోనే సర్దుకోవాలి. (తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తు 3 బైట్లు తింటుంది కాబట్టి మనకు ఇంకా ఇరుకు.) వంద లైన్ల ఎర్రర్ ఒకేసారి అతికిస్తే సర్వరే బయటికి గెంటేసేది. అందుకే దాన్ని పేస్ట్‌బిన్‌లో (పొడవైన టెక్స్ట్‌ను ఉంచే వెబ్‌సైట్‌లో) పెట్టి లింక్ ఇవ్వడం మర్యాద అయింది.

1995లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే నెట్ మర్యాదల పత్రం కూడా చాట్ గురించి ఇదే ధోరణిలో చెప్పింది: ముందు కాసేపు విని తీరు తెలుసుకోండి, ఒక్కొక్కరినీ పలకరించక్కర్లేదు, ఒక్క హలో చాలు.

నియమాలు సబబే. వాటిని చెప్పిన తీరే బాగోలేదు. ‘మాన్యువల్ చదువుకో పో’ అని కసరడం చాలా ఛానెళ్లలో మామూలైపోయింది. ఆ దురుసుతనం వల్ల ఎంతమంది మళ్లీ రాకుండా పోయారో లెక్కెవరు రాశారు? ఈ తీరు మార్చడానికి, ప్రాజెక్టుల్లో ఒకరితో ఒకరు ఎలా మెలగాలో చెప్పే కాంట్రిబ్యూటర్ కవనెంట్ అనే నమూనా నియమావళి 2014లో వచ్చింది. 2018లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి లినక్స్ కెర్నల్ ప్రాజెక్టు కూడా దాని ఆధారంగా ప్రవర్తనా నియమావళి పెట్టుకుంది.

ఈలోగా స్లాక్, డిస్కార్డ్, మ్యాట్రిక్స్ అనే కొత్త చాట్ వేదికలు వచ్చాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 2020లో తన ఐఆర్‌సీ సర్వర్‌ను మూసేసి మ్యాట్రిక్స్‌కు మారింది. ఇప్పుడు పాత సందేశాలు కనిపిస్తాయి, ఒక సందేశం కిందే జవాబులు రాసుకునే థ్రెడ్లు ఉన్నాయి. కొత్త తలనొప్పి నోటిఫికేషన్లు. ఒకరు ఛానెల్ మొత్తాన్ని ట్యాగ్ చేస్తే వేలమంది ఫోన్లు మోగొచ్చు. అందుకే చాలాచోట్ల ఆ అధికారం అడ్మిన్లకే ఇస్తారు. ఇక పాత సందేశాలూ శాశ్వతం కాదు: 2022 సెప్టెంబరు నుంచి ఉచిత స్లాక్‌లో 90 రోజులు దాటినవి కనిపించడం లేదు. చాట్‌లో తేల్చుకున్నదాన్ని ఇష్యూ ట్రాకర్‌లో (ప్రాజెక్టు సమస్యలు, పనులు నమోదుచేసే చోట) కూడా రాయమని ప్రాజెక్టులు పట్టుబట్టడానికి అదొక కారణం.