వెండి చుక్క, ఇంకు చుక్క

"డార్క్‌రూమ్ ప్రింటులో బూడిదరంగు నునుపుగా ఉంటుంది, ఇంక్‌జెట్‌లో అన్నీ చుక్కలే కదా?" అని ఒక పాఠకుడు అడిగారు. చీకటిగదిలో రసాయనాలతో తీసే నలుపు-తెలుపు ఫొటోకీ, ప్రింటరు ఇంకు చల్లి వేసే ఫొటోకీ పోలిక అన్నమాట. చుక్కలు రెండింట్లోనూ ఉన్నాయండీ. ఆ మాటకొస్తే ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు లెక్క నడిచేది డార్క్‌రూమ్‌లోనే.

ఎన్లార్జరు, ట్రేలు, ఎర్రలైటు సంగతులు వదిలేద్దాం. పేపరు మీది జెలటిన్ పొరలో మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న సిల్వర్ హాలైడ్ అనే వెండి లవణం స్ఫటికాలు కిక్కిరిసి ఉంటాయి. కాంతి తగిలి ఒక స్ఫటికంలో ఏ నాలుగైదు వెండి పరమాణువులో ఒకచోట చేరితే చాలు, డెవలపర్ అనే రసాయనం అందులోని కోట్లాది వెండి అయాన్లను లోహంగా మార్చేస్తుంది. చేరకపోతే ఆ స్ఫటికం జోలికి పోదు, తర్వాత ఫిక్సర్ అనే ద్రావణం దాన్ని కరిగించేస్తుంది. బూడిదరంగంటే నల్లబడ్డవి ఎన్ని అన్న లెక్కే.

ఇంతకీ వెండి తెల్లగా మెరవాలి కదా, ఈ నలుపెక్కడిది? క్లాసులో సమీకరణం రాసి "వెండి విడుదలగును" అని ముగించేస్తారు. అక్కడ చెయ్యెత్తి ఈ ప్రశ్న అడిగిన పిల్లకి పూర్తి మార్కులు వేయొచ్చు. డెవలపర్‌లో వెండి సన్నటి పోగులుగా పెరుగుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే గిన్నెలు తోమే స్టీలు పీచులా ఉంటుంది. అందులో దూరిన కాంతి పోగు నుంచి పోగుకి తగులుతూ, తగిలినచోటల్లా కాస్త కాస్త కరిగిపోతుంది. తప్పించుకున్నది అడుగునున్న బేరియం సల్ఫేట్ అనే తెల్లటి పూతని తాకి వెనక్కి రావాలంటే మళ్లీ ఆ పీచులోంచే రావాలి. పైకొచ్చాక కూడా జెలటిన్ అంచు కొంత కాంతిని తిరిగి కిందికే తోస్తుంది. అందుకే గ్లాసీ పేపరు మీద చిక్కటి నలుపు నుంచి మన కంటికి చేరేది సుమారు 1 శాతం.

పిగ్మెంట్ (పొడి రంగు) ఇంకు వాడే ఇంక్‌జెట్‌లో నలుపు కార్బన్ పొడిది. కొన్ని పికోలీటర్ల (లీటరులో లక్షకోటో వంతు ఒక పికోలీటరు) బొట్టు పేపరు మీద 20–40 మైక్రాన్ల చుక్క అవుతుంది; ఆ చోటులో వందల వెండి స్ఫటికాలు పడతాయి. 25 సెంటీమీటర్ల దూరంలో కన్ను విడదీయగలిగేది దాదాపు 75 మైక్రాన్లు. అయినా తెల్లటి చోట ఒంటరి నల్లచుక్క అంతకంటే చిన్నదైనా గరుకుగా తగులుతుంది. ముఖం ఫొటో ప్రింటులో బుగ్గ మీది వెలుగుని భూతద్దంతో చూడండి, తెలుస్తుంది. అందుకే మంచి ప్రింటర్లలో నలుపుతోపాటు పలచటి బూడిద ఇంకులు కూడా పెడతారు. చుక్క పలచనైతే కంటికి ఆనదు.

వెండి ప్రింటుకే ప్రాణం ఉంటుందని కొందరి నమ్మకం. నలుపు లోతే ప్రాణమైతే, గ్లాసీ పేపరు మీద నేటి పిగ్మెంట్ ఇంకు వెండిని దాటగలదు. తేడా పట్టుకోవాలంటే ప్రింటుని దీపం కింద ఏటవాలుగా తిప్పండి. వెండి జెలటిన్ లోపలుంటుంది కాబట్టి మెరుపు అంతటా ఒకటే. పిగ్మెంట్ పైన కూర్చుంటుంది. ఇంకు పడని తెలుపులో ఒక మెరుపు, నలుపులో ఒక్కోసారి కంచు ఛాయ. కొన్ని ప్రింటర్లు పైన రంగులేని పూత కొట్టేది ఈ తేడాని కప్పడానికే.