టిల్లమూక్ అడవి గొడవ: అసలు ముడి 1948 ఓటు దగ్గరే ఉంది

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం అడవుల్లో ఎంత కలప కొట్టాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. 2024 మార్చిలో అక్కడి ఫారెస్ట్రీ బోర్డు 4-3 ఓట్లతో 70 ఏళ్ల వన్యప్రాణి రక్షణ ప్లాన్‌కి సరే అంది, దాంతో కలప డబ్బు మీద బడ్జెట్లు వేసుకునే కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), మిల్లులు నోటికాడి కూడు లాక్కున్నారని మండిపడ్డాయి. పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో వైపు ఉండే మనవాళ్లు బీచ్‌కి హైవే 6 మీద వెళ్తే రెండు పక్కలా కనిపించేది ఈ గొడవలో ఉన్న టిల్లమూక్ అడవే.

కౌంటీలు చెప్పేది ఒకటే, భూమి మాది, కలప వాటా ఇస్తామంటేనే రాష్ట్రానికి రాసిచ్చాం అని. రాసిచ్చింది నిజమే. కానీ 1933, 1939, 1945ల్లో వరసగా తగలబడి, కంపెనీలు పన్నులు కూడా కట్టకుండా వదిలేసిపోయిన భూములవి, మాడిన మోళ్లు తప్ప ఏముందక్కడ?

నాకైతే అసలు మలుపు 1948 నవంబర్. అడవి మళ్లీ పెంచడానికి బాండ్ల మీద అప్పు చేద్దామా అని రాష్ట్రం మొత్తాన్ని అడిగారు, బొటాబొటి మెజారిటీతో గట్టెక్కింది. ఆ అడవిని ఎప్పుడూ చూడనివాళ్లు కూడా ఆ అప్పు నెత్తినేసుకున్నారు! 1949 నుంచి 1973 దాకా 7.2 కోట్ల మొక్కలు నాటారు, హెలికాప్టర్లతో విత్తనాలు చల్లారు, ఖైదీలు పనిచేశారు, బస్సుల్లో వచ్చిన బడిపిల్లలు ఏటవాలు కొండల మీద గుంటలు తవ్వి బెత్తెడు డగ్లస్ ఫర్ మొక్కలు పెట్టారు. ఇప్పుడు కోతకొచ్చింది ఆ చెట్లే, మరి వాటి మీద హక్కు కౌంటీలొక్కటికే ఎట్లా ఉంటుంది?

కలప వైపువాళ్లు 2004 ఓటు చూపిస్తారు. టిల్లమూక్, క్లాట్సప్ అడవుల్లో సగం రక్షణకి వదిలేద్దామని జనం ఓటుకి పెట్టిన ప్రతిపాదన మెజర్ 34ని నూటికి 60 మందికి పైగా వద్దన్నారు. ఆ తీర్పుని తీసిపారెయ్యలేం, కానీ జనం వద్దన్నది ఆ సగం-సగం లెక్కని, అడవంతా కోతకే అని ఎవరూ ఓటెయ్యలేదు.

తర్వాత రాష్ట్రం కలప తక్కువ కొట్టి మా వాటా తగ్గించిందని కౌంటీలు కోర్టుకెళ్తే 2019లో జ్యూరీ 100 కోట్ల డాలర్లకి పైగా ఇమ్మంది, 2022లో అప్పీల్ కోర్టు కొట్టేసింది. కలప వాటా బాగా అందే క్లాట్సప్ కౌంటీయే ఆ కేసులోంచి ముందే తప్పుకుంది, ఈ సంగతి ఎవరూ ఎత్తరు. అక్కడి బళ్లకి, ఫైర్ స్టేషన్లకి డబ్బు కావాలి, కాదనను. అది రాష్ట్ర ఖజానా నుంచి ఇచ్చే దారి అసెంబ్లీ చూడాలి, ఎందుకంటే 1948లో అప్పు మోసింది రాష్ట్రమంతా.