హెడ్మాస్టరు క్లాసుకు ఎప్పుడు దూరమయ్యారు?

వారంలో ఎన్ని పాఠాలు పరిశీలించారు? టీచర్లకు ఏం సూచనలిచ్చారు? తనిఖీకి వచ్చే అధికారులు హెడ్మాస్టర్లను మళ్లీ ఇవే అడుగుతున్నారు. అడగాల్సినవే. అయితే ఆంధ్రప్రదేశ్‌లో ఆ కుర్చీ పని ఎలా మారిందో చూడకుండా జవాబు దొరకదు.

చుట్టుపక్కల బడులను ఒక హైస్కూలుకు జోడించాలని కొఠారీ విద్యా కమిషన్ చెప్పిన స్కూల్ కాంప్లెక్సులు, మండలాలు ఏర్పడ్డాక వచ్చిన మండల విద్యాధికారుల (ఎంఈవోల) సంగతి తెలిసిందే. 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలయ్యాక బియ్యం లెక్క కూడా హెడ్మాస్టరుదే అయింది. అది బరువే అయినా, భోజనాల వేళ దాటాక ఏదో ఒక క్లాసులో వెనక బెంచీ మీద కూర్చునే వీలుండేది.

ఆ వీలు పోయింది 2019 నవంబరు 14 తర్వాత. ఆరోజు ఒంగోలులో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం ప్రారంభమైంది. తొలి విడతలో 15,715 బడులు. కాంట్రాక్టర్లను పక్కనపెట్టి డబ్బును తల్లిదండ్రుల కమిటీ ఖాతాలో వేశారు. పారదర్శకత కోసమే అలా చేశామన్నది ప్రభుత్వం మాట. నీళ్లొచ్చే మరుగుదొడ్లు, బెంచీలు, ఫ్యాన్లు వచ్చిన మాట నిజం. ఆడపిల్లలకు అది చిన్న మేలు కాదు.

కానీ కమిటీ తరఫున సిమెంటు, ఇసుక కోసం తిరిగిందీ, మేస్త్రీతో మాట్లాడిందీ, బిల్లులు అప్‌లోడ్ చేసిందీ చాలాచోట్ల హెడ్మాస్టరే. గుమస్తా లేని హైస్కూళ్లలో జీతాల బిల్లులూ ఆయనే చూసుకోవాలి. పనులు అయ్యాక వాటి నిర్వహణ మొదలైంది. మరుగుదొడ్ల ఫొటోలు, గుడ్ల సంఖ్య, చిక్కీల నిల్వ, అన్నీ యాప్‌లో పెట్టాలి. సిగ్నల్ లేని ఊళ్లో ఫోన్ పట్టుకుని మేడెక్కే టెన్షన్ ఆ పని చేసినవాళ్లకే తెలుసు. ఫొటో ఆలస్యమైతే మెమో వచ్చేది. పాఠం చూడకపోతే ఎవరూ అడిగేవారు కాదు. ఏది ముఖ్యమో హెడ్మాస్టర్లు అక్కడే నేర్చుకున్నారు.

2022లో పదో తరగతి ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. కోవిడ్ ఏళ్ల దెబ్బ అందులో పెద్దదే. అయినా సంజాయిషీ బడుల నుంచే అడిగారు. ఆగస్టులో టీచర్ల ముఖం గుర్తించి హాజరు వేసే యాప్ వచ్చింది. నవంబరులో టీచర్లను బోధనేతర పనులకు వాడకూడదంటూ ప్రభుత్వం విద్యాహక్కు నిబంధనలను సవరించింది. నిజానికి జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే బోధనేతర పనీ వద్దని 2009 చట్టంలోని 27వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. సవరణ తర్వాత కూడా మరుగుదొడ్డి ఫొటో ఆగలేదు. అది బడి లోపలి పని కదా, బోధనేతరం కింద లెక్కకు రాలేదు.

2025లో యాప్‌లన్నిటినీ లీప్ అనే ఒక్క యాప్‌లో కలిపారు. లాగిన్లు తగ్గాయి గానీ, నింపాల్సిన వివరాలు అలాగే ఉన్నాయన్నది హెడ్మాస్టర్ల ఫిర్యాదు. ఏడాదికి 50 గంటల శిక్షణ, అందులో నాయకత్వ పాఠాలు ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం అంటోంది. శిక్షణ నుంచి తిరిగొచ్చిన మనిషికి మళ్లీ ఎదురయ్యేది గుడ్ల ట్రేలే.

2019లోనే గ్రామ సచివాలయాలూ వచ్చాయి. వాటిలో విద్య, సంక్షేమం చూసే అసిస్టెంటు పోస్టు ఉంది. ఆ ఉద్యోగి బడికి వచ్చింది ఎక్కువగా తనిఖీకే. ఫొటోలు, నిల్వల నమోదు పూర్తిగా ఆ ఉద్యోగికి అప్పగిస్తూ ఉత్తర్వు ఇస్తే, పాఠాల పరిశీలన గురించి హెడ్మాస్టరును ఆ మర్నాటి నుంచే గట్టిగా అడగొచ్చు.